ఆర్లిస్ గుడారంలో రెండు దీపాలు

నార్బీ ఊళ్లో ఒక మనిషిని కుంగదీయడానికి కేకలూ తిట్లూ అక్కర్లేదు. ‘పాపం’ అంటే చాలు. ఆ మాట అనేవాళ్లు నవ్వుతూ అంటారు, భుజం మీద చెయ్యేసి అంటారు, చేతిలో ఓ కేకు ముక్క పెట్టి మరీ అంటారు. తిరిగి ఏమీ అనడానికి వీలుండదు. కేకు తిని థాంక్స్ చెప్పాలి. ఆర్లిస్ హోవ్‌లాండ్ రెండేళ్లుగా కేకు తింటోంది, థాంక్స్ చెబుతోంది.

ఆమె మొగుడు వెర్లిన్ చచ్చిపోలేదు. చచ్చిపోయి ఉంటే ఊరు ఆమెను కాస్త గౌరవంగా చూసేది. సరస్సు దక్షిణపు ఒడ్డున పడవలు అద్దెకిచ్చే జోలీన్ దగ్గరికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ చక్రాల ఇంటిని కూడా ట్రక్కుకు తగిలించుకుని పోయాడు. సరస్సు గడ్డకట్టాక మంచు మీదికి లాక్కెళ్లి దించి, నేలలోని మూతలు తెరిచి, కింద మంచుకు కన్నాలు వేసి చేపలు పట్టుకునే ఇల్లు అది. లోపల పొయ్యి ఉంది, మంచాలున్నాయి, టీవీ ఉంది. కిటికీల చుట్టూ దీపాల తోరణాలు కూడా ఉన్నాయి. అవి ఆర్లిస్ ఒక క్రిస్మస్‌కి కట్టినవి. జోలీన్ విప్పలేదు.

ఆ ఇంట్లో ఆర్లిస్ ఎన్నో చలికాలాలు పొయ్యి పక్కన కూర్చుంది. కన్నాలు వెర్లిన్‌వి, అతని తమ్ముళ్లవి. వారమంతా బడి వంటశాలలో ఊరి పిల్లలకు వండి, సెలవు రోజున సరస్సు మీద మరుదులకు వండేది. ఎప్పుడైనా గాలం తను పట్టుకుంటానంటే, “నీకు చలేస్తుందిలే,” అనేవాడు వెర్లిన్. ప్రేమ కాబోలు అనుకునేది.

మొగుడు పోయినందుకు ఏడ్చిన మాట నిజమే. కానీ ఒక చలికాలం గడిచేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. బెంగ వెర్లిన్ మీద కాదు, సరస్సు మీద. చిన్నప్పుడు వాళ్ల నాన్న కిటికీ లేని చెక్క గూడు ఒకటి మంచు మీద పెట్టేవాడు. పాలు పితికే పని అయ్యాక మధ్యాహ్నాలు కూతుర్ని తీసుకుపోయి, గూట్లో తలుపు మూసేసి, కన్నం పక్కన బోర్లా పడుకోబెట్టేవాడు. గూడంతా చీకటి. మంచులోంచి దిగిన పగటి వెలుతురు నీళ్లలోంచి పైకి వచ్చేది, పచ్చగా. ఆ పచ్చదనంలోకి చేప ఒకటి చప్పుడు లేకుండా వచ్చి నిలబడేది. ఆమె ఊపిరి బిగబట్టేది. తనను ఎవరూ చూడకుండా తను చూడగలిగిన చోటు ఆమెకు బతుకులో అదొక్కటే.

అందుకే రెండో చలికాలం రాగానే, ఎవరో గ్యారేజీ ఖాళీ చేస్తూ అమ్మిన మడత గుడారాన్ని కొనుక్కుంది. ఒక్క మనిషి విప్పి నిలబెట్టగలిగేది. నీలం రంగు, ఒంటి పొర బట్ట, అక్కడక్కడా మాసికలు. మంచు మీద ఈడ్చే తొట్టి బండిలో గుడారం, మంచుకు కన్నం వేసే చేతి బర్మా, చిన్న గ్యాసు పొయ్యి, బకెట్టు వేసుకుని తాడు నడుముకు కట్టుకుని లాక్కుపోయింది. కాలినడకన ఎంత దూరం లాగగలదు? ట్రక్కులు తిరగడానికి మంచు తోసిన దారి పక్కనే, ఒడ్డుకు దగ్గర్లోనే నిలబెట్టింది. సరస్సు మీదికి పోయేవాళ్లందరూ ఆమెను దాటుకునే పోవాలి. వెర్లిన్ కూడా.

మొదటి సాయంత్రం పాత గ్యాసు లాంతరు వెలిగించి కన్నం పక్కన నేల మీద పెట్టుకుంది. రెండు వాలై చేపలు పడ్డాయి. ఎవరూ వండమనలేదు. చాలా కాలానికి మనసు తేలికపడింది.

మర్నాడు ఎరల కోసం మేవిస్ కొట్టుకు వెళ్లింది. మేవిస్ బడిలో ఆర్లిస్‌తో కలిసి చదువుకుంది. ఊళ్లో ఎవరి నోట పుట్టిన మాటైనా ఆ కొట్లో ఒకసారి కాఫీ తాగి గానీ బయటికి పోదు.

“నిన్న నిన్ను చూశానే,” అంది మేవిస్, తొట్టిలోంచి చేపపిల్లల్ని వలతో తీస్తూ.

“ఎక్కడ? నేను గుడారంలో ఉన్నానుగా.”

“గుడారంలోనే! లాంతరు కింద పెట్టుకున్నావు. నీ నీడ గోడంతా పడింది. సైలో గోపురమంత ఉన్నావు. సాండ్‌విచ్ కూడా తిన్నావు కదా? మా ఆయన ట్రక్కు ఆపి మరీ చూశాడు. హామ్ అన్నాడు, నేను ట్యూనా అన్నా.”

“చీజు,” అంది ఆర్లిస్.

“అయ్యో, ఉత్త చీజేనా? ఒక్కదానివే అలా వంగి కూర్చుని...” మేవిస్ చేపపిల్లల సంచి ముడి వేసి, ఆమె చేతి మీద చెయ్యి పెట్టింది. “పాపం.”

ఆర్లిస్‌కు చెవులు వేడెక్కాయి. ఊరికి దూరంగా పోయి కూర్చున్నాననుకుంది. ఊరు తనను తెర మీద బొమ్మలా చూస్తోంది. ఆ దారిన వెర్లిన్ కూడా పోయి ఉంటాడు. పక్కన జోలీన్ కూర్చుని ఉంటుంది. సరస్సు వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అలాగని రోజూ సాయంత్రం ఊరికి ఆటాడి చూపించడమూ ఇష్టం లేదు. దీపం లేకుండా కూర్చోవడానికి కుదరదు. చీకటి పడే వేళే వాలై చేప మేతకొస్తుంది, ఆ వేళే గాలం ముడి కనపడదు.

“నీడ పడని దీపం ఏదైనా ఉందా?” అంది.

మేవిస్‌కు ఇలాంటివంటే సరదా. దీపాల అర ముందు నిలబెట్టి ఒక్కొక్కటే దించింది. “ఇదిగో, కప్పుకు అంటించే దీపాల పట్టీ. నీడ నేల మీదే పడుతుంది. కాకపోతే వెలుగు నిట్టనిలువునా కన్నంలోకి దిగుతుంది. నువ్వున్న చోట లోతు లేదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. వాలై చేప ఆ వెలుగు చూసి పక్క జిల్లాకు పారిపోతుంది.”

“వద్దు.”

“ఎర్రది? చేప బెదరదంటారు.”

“రోడ్డు పక్కన ఎర్ర దీపం పెట్టుకుని ఆడది కూర్చుందంటే ఏమనుకుంటారే?”

మేవిస్ పడీ పడీ నవ్వింది. “వ్యాపారం బాగుంటుంది! సరే, తలకు కట్టుకునేది?”

“తల తిప్పినప్పుడల్లా గోడల మీద వెలుగు తిరుగుతుంది. ఓడరేవు దీపస్తంభం అనుకుంటారు.”

చివరికి మేవిస్ రెండు చిన్న బ్యాటరీ దీపాలు తీసి చేతిలో పెట్టింది. కొక్కెం ఉంది, కడ్డీకి తగిలించుకోవచ్చు. “ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి పెట్టు. ఒకదాని నీడను ఇంకోటి తినేస్తుంది. మా ఆయన ఫొటోల పిచ్చిలో ఉన్నప్పుడు అలాగే చేసేవాడు.”

ఆర్లిస్ తలుపు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి తగిలించి చూసింది. తలుపు వైపుది సరిగ్గా కళ్లలో కొడుతోంది. పైగా నీళ్ల మీద మెరుస్తోంది. దాన్ని తీసి, రెంటినీ వెనక మూలల్లో చెరో కడ్డీకీ తగిలించింది. ఎదురుగా బట్ట మీద నీడ బాగా పలచబడింది. చాలు, అనుకుని కన్నం వైపు తిరిగింది. మళ్లీ తల పైకెత్తి చూడనే లేదు.

ఆ పక్కన కాస్త దూరంలో సెల్మర్ గుడారం ఉంది. సెల్మర్ ఎస్కెల్ అన్న ఆ మనిషి జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైనవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఊరు అడగడం మానేసి కూడా చాలాకాలమైంది. ఆర్లిస్ గుడారం వేసిన రోజు నుంచీ, చీకటి పడే ముందు అతను నడుచుకుంటూ వచ్చి, చేతిలోని చిల్లుల గరిటెతో గుడారం కడ్డీ మీద టక్కుమని కొట్టేవాడు. కన్నంలో కట్టే మంచు పొరను తీసే గరిటె అది.

“పడుతున్నాయా?” అనేవాడు బయటి నుంచే.

“ఒకటీ అరా. నీకు?”

“చెప్పుకోడానికేం లేదు.”

“కాఫీ ఉంది.”

“ఉండనీ, నీకు కావాలిగా.”

కాసేపు నిలబడేవాడు. బూట్ల కింద మంచు కిర్రుమనేది. గాలి ఎటు తిరిగిందో చెప్పేవాడు. వెళ్లిపోయేవాడు. లోపలికి ఒక్కనాడూ రాలేదు. బడి నుంచి ఇంటికొచ్చాక ఆర్లిస్‌తో మాట్లాడే మనిషి రోజు మొత్తానికి అతనొక్కడే. ఆ సంగతి అతను రావడం మానేశాక గానీ ఆమెకు తెలియలేదు.

కొత్త దీపాలు పెట్టిన మూడో రోజో నాలుగో రోజో సెల్మర్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. కానీ అతని గుడారం పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. దారిన పోయే ట్రక్కులు ఇదివరకు ఒక హారన్ కొట్టి పోయేవి. ఇప్పుడు నెమ్మదిగా వచ్చి, ఇంకా నెమ్మదై, చప్పుడు లేకుండా జారుకుంటున్నాయి. బడి వంటశాలలో గిన్నెలు కడిగే అమ్మాయిలు ఆమె రాగానే మాటలు ఆపి నవ్వు మింగుతున్నారు. వింత ఏమిటంటే, ఎవరూ పాపం అనడం లేదు. కేకు ముక్కలు ఆగిపోయాయి.

శనివారం సాయంత్రం వెర్లిన్ ట్రక్కు ఆమె గుడారం దగ్గర ఆగింది. అప్పుడే వచ్చిన ఆర్లిస్ బయట మంచు మేకులు బిగిస్తోంది. వెర్లిన్ అద్దం దించాడు. దిగలేదు.

“బాగున్నావా?” అన్నాడు.

“బానే ఉన్నా.”

“ఉంటావులే. ఎవడు వాడు?”

“ఎవడు ఎవడు?”

“నాకు చెప్పక్కర్లేదు. నాకేం హక్కుంది? ఊరికే అడిగా.” స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశాడు. “నిన్న అటు పోతూ చూశాం. పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరూ ఒకేసారి గాలం ఎత్తుతున్నారు, ఒకేసారి దించుతున్నారు. జోలీన్ కూడా అంది, ఎంత జతగా ఉన్నారో అని. నాతో ఒక్కసారైనా అలా ఎత్తావా?”

ఆర్లిస్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిలో మేకు అలాగే ఉండిపోయింది. నవ్వు వచ్చింది.

“నువ్వెప్పుడు గాలం ఇచ్చావు వెర్లిన్?” అంది.

వెర్లిన్ ముఖం ఎర్రబడింది. చలి వల్ల కావచ్చు. “మంచివాడేనా?”

“ఎక్కువ మాట్లాడడు.”

“అదృష్టవంతురాలివి,” అని అద్దం ఎత్తేసి పోయాడు.

అతను కనుమరుగయ్యాక ఆర్లిస్ లోపలికి వెళ్లి రెండు దీపాలూ వెలిగించింది. తన పెద్ద కోటు విప్పి మడత కుర్చీకి తొడిగి, టోపీ పైన పెట్టి, స్వెట్టరుతోనే చలిలో వణుక్కుంటూ బయటికొచ్చి దారి మీద నిలబడింది. నీలపు బట్ట మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, ఒక్కో దీపానికి ఒక్కో నీడ. పలచగా, కాస్త ఒకరిమీద ఒకరు వాలినట్టు. ఒకటి కాస్త పొడుగు. ఆ పొడుగుది మగవాడని ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా ఒక్క క్షణం అనుకుంది.

మేవిస్‌కు ఫోన్ చేసి అసలు సంగతి చెబితే రేపటికల్లా ఊరంతా నవ్వేసి ఊరుకునేది. ఆర్లిస్ చెప్పలేదు. ఒక దీపం తీసేసినా సరిపోయేది. తీయలేదు. ఎవరికీ చెప్పకుండా అబద్ధాన్ని పెంచుకోవడం ఆమెకు బతుకులో అదే మొదటిసారి. రుచిగా ఉంది. జోలీన్ కిరాణా కొట్లో ఎదురుపడి పక్కకు తప్పుకుని దారిచ్చింది. మేవిస్ ఎరలు కడుతూ, “రెండు సంచులా?” అని కన్ను గీటింది. “రెండే,” అంది ఆర్లిస్. సాయంత్రాలు గుడారంలో కూర్చున్నప్పుడు వీపు నిటారుగా పెట్టుకునేది. ఒకసారి ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తూ, పక్కకు తిరిగి కప్పు అందిస్తున్నట్టు చెయ్యి చాపింది. బట్ట మీద రెండు చేతులు ఒకే దిక్కుకు చాచుకున్నాయి. రెంటిలో ఏ కప్పునూ అందుకునేవాళ్లు లేరు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఊరికి ఒక మర్యాద ఉంది. ఇద్దరున్న గుడారం కడ్డీ ఎవరూ కొట్టరు. ఆ మర్యాదే ఆమెను తినడం మొదలుపెట్టింది. చలి ముదిరింది. మంచు రాత్రీ పగలూ లోలోపల మూలుగుతోంది, పగుళ్లు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి కాళ్ల కిందుగా పోతున్నాయి. ఇదివరకు అలాంటి పగులు పోయినప్పుడు సెల్మర్ గుడారంలోంచి, “విన్నావా?” అని కేక వచ్చేది. “విన్నా!” అని ఆమె అరిచేది. ఇప్పుడు మంచు ఎంత అరిచినా అటు నుంచి మాట లేదు. ఒకరోజు ఆమె వేసిన గాలానికి చేతికి ఆననంత పెద్ద వాలై పడింది. కన్నంలోంచి తలకాయ తీయడమే కష్టమైంది. మంచు మీద పడేసి, రొప్పుతూ, నవ్వుతూ తలెత్తింది. ఎదురుగా రెండు నీడలూ భుజాలు ఎగరేస్తున్నాయి. చూపించడానికి ఎవరూ లేరు. అంత చేపను ఇంటికి తీసుకుపోయి ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టింది. దాని కొలత ఎవరికీ చెప్పలేదు. చెబితే, “ఆయన పట్టాడా?” అంటారు.

అదే ఆమెకు ఎక్కువ మంటగా అనిపించింది. పొయ్యి పక్కన కూర్చున్న రోజుల్లో ఉన్న మొగుడు గాలం ఇవ్వలేదు, ఇప్పుడు లేని మగవాడు నీడగా వచ్చి తన చేపను కూడా పట్టేస్తున్నాడు.

ఆ మర్నాడు బడి నుంచి నేరుగా సరస్సుకు వెళ్లింది. గుడారం విప్పి, కన్నం తెరిచి, పొయ్యి వెలిగించింది. ఎడమ మూల దీపం తగిలించింది. రెండోది తీసి చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది. చలికి లోహపు కొక్కెం వేళ్లకు అంటుకుంటోంది. ఇప్పుడు ఒక్కతే కనిపిస్తే ఏమంటారో ఆమెకు ముందే తెలుసు. అతను కూడా వదిలేశాడు అంటారు. ఒక మనిషిని ఇద్దరు వదిలేశారంటే లోపం ఆ మనిషిలోనే ఉంటుంది కదా అంటారు. ఈసారి కేకు ముక్క పెద్దది ఇస్తారు.

దీపాన్ని బకెట్టులో పడేసి గాలం దించింది.

ట్రక్కులు పోతున్నాయి. ఒకటి దాదాపు ఆగింది. ఆమె కన్నం వైపే చూసింది. వీపు నిటారుగా పెట్టుకోలేదు. ఎలా వంగితే అలా వంగింది. చీకటి ముదురుతోంది. సెల్మర్ వైపు నుంచి చప్పుడు లేదు, అతని గుడారంలో దీపం కూడా లేదు. ఇవాళ రాలేదు కాబోలు అనుకుంది. ఒక చిన్న చేప పడితే తిరిగి నీళ్లలోకి వదిలింది.

అప్పుడు కడ్డీ టక్కుమంది.

“పడుతున్నాయా?”

ఆర్లిస్ గాలం గట్టిగా పట్టుకుంది. “ఒకటీ అరా,” అంది. “నీకు?”

“చెప్పుకోడానికేం లేదు.” బూట్లు కిర్రుమన్నాయి. “ఇవాళ... ఒక్కదానివేనా?”

రెండేళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. అందరూ చూసి, తెలుసుకుని, పాపమన్నారే గానీ అడగలేదు.

“ఒక్కదాన్నే,” అంది. ఆగి, “ఎప్పుడూ ఒక్కదాన్నే సెల్మర్. ఇంకెవరూ లేరు. దీపాలు రెండు, అంతే.”



“అనుకున్నా,” అన్నాడు సెల్మర్. “ఒకరోజు ఇద్దరూ ఒకేసారి ముక్కు చీదారు.”

ఆర్లిస్ నవ్వింది. నవ్వు ఆగలేదు. గాలం తాడు కన్నంలో వణికింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, “తెలిసి మరి రావడం ఎందుకు మానేశావు?” అంది.

“ఎవరో ఉన్నాడని నేను అనుకోవాలని నీకు ఉందేమో అనుకున్నా. ఎందుకు చెడగొట్టడం అని.”

అది కూడా ఊరి మర్యాదే. దాని మీద ఆమెకు కోపం రావాలి. రాలేదు. “కాఫీ ఉంది,” అంది.

“ఉండనీ.” గొంతు సవరించుకున్నాడు. “ఆ రెండో దీపం ఖాళీగా ఉందా? నా దాని బ్యాటరీ ఈ చలికి చచ్చింది. ఇందాకటి నుంచి చీకట్లో గాలం ముడి వేస్తున్నా. వేలికి వేసుకున్నా.”

ఆర్లిస్ జిప్పు జానెడు తెరిచి దీపం అందించింది. అతని చేతితొడుగు లోపలికొచ్చి అందుకుంది. ముఖం కనపడలేదు. “రేపు తెచ్చిస్తా,” అన్నాడు.

“కంగారేం లేదు. రేపైతే రేపు.”

అడుగుల చప్పుడు దూరమైంది. ఆమె జిప్పు వేయబోయి ఆగింది. చల్లగాలి ముఖాన కొడుతున్నా ఆ సందులోంచి అటే చూసింది. కాసేపటికి సెల్మర్ గుడారం లోపల తను ఇచ్చిన దీపం వెలిగింది. బట్ట మీద ఒక నీడ లేచింది. పెద్ద నీడ, మెడ ముందుకు వంగిన నీడ. అది బకెట్టు మీద కూర్చుంది. టోపీ తీసి బుర్ర గోక్కుంది. పొట్లం విప్పి ఏదో తినసాగింది, మెల్లగా, ఒంటరిగా.

తనను చూసినప్పుడు ఊరికి కనిపించింది ఇదేనన్నమాట.

పాపం అనే మాట ఆర్లిస్ నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. జిప్పు పైకి లాగి, కన్నం మీద కట్టిన సన్నటి మంచు పొరను తన చిల్లుల గరిటెతో తీసి పక్కన దులిపి, గాలం మళ్లీ నీళ్లలోకి దించింది.